ఎవరూ నొక్కని క్లిక్కులు

2005 మే మొదటి వారం. ఆఫీసులో ఒకాయన బ్యాక్‌ప్యాక్ తెరిచాడు. నోట్సు, చేయాల్సిన పనులు రాసుకోవడానికి షికాగో కంపెనీ 37సిగ్నల్స్ అప్పుడే వదిలిన సర్వీసు అది. నిన్న రాసుకున్న పేజీ లేదు. ఇంకోటి తెరిచి చూశాడు. కాసేపటికి అదీ మాయం. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు, మౌస్ 'డిలీట్' దరిదాపులకు కూడా పోలేదు. సర్వర్ లెక్కలో మాత్రం చెరిపింది ఆయనే! (పేరు మనకక్కర్లేదు. ఆ వారం ఇలా గొల్లుమన్నది ఒక్కరు కాదు.)

ఆ రోజుల్లోనే గూగుల్ 'వెబ్ యాక్సిలరేటర్' అని ఉచితంగా ఒక ప్రోగ్రాం వదిలింది. మీరు పేజీ చదువుతుండగానే అందులోని లింకుల వెనకున్న పేజీలను అది ముందే తెచ్చి పెట్టుకుంటుంది. తీరా మీరు నొక్కేసరికి పేజీ రెడీ. ఆలోచన మంచిదే. ఏ లింకు చదవడానికో, ఏది చెరపడానికో దానికేం తెలుసు?

మరి అడ్డేమీ లేదా అంటే, ఉంది. ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపేవాళ్లకు బాగా తెలిసిందే: ఏదైనా రద్దు చేయబోతే 'నిజంగానా?' అంటూ చిన్న పెట్టె లేస్తుంది. అది 'ఆన్‌క్లిక్' అనే ఈవెంట్ హ్యాండ్లర్ పని. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్‌కు ప్రాణం పోసిన తొలినాళ్ల సరుకు. లింకులో 'హెచ్‌రెఫ్' అంటే పోవాల్సిన అడ్రసు. దాని పక్కన 'ఆన్‌క్లిక్', అందులో 'రిటర్న్ కన్‌ఫర్మ్'. మీరు వద్దంటే జవాబు 'ఫాల్స్'. బ్రౌజర్ ఇక ఆ అడ్రసు జోలికి పోదు.

యాక్సిలరేటర్ అసలు నొక్కనేలేదు. నొక్కితే కదా హ్యాండ్లర్ లేచేది! హెచ్‌రెఫ్‌లోని అడ్రసు చదువుకుని సర్వర్‌కు 'గెట్', అంటే ఆ పేజీ ఇమ్మనే అభ్యర్థన, పంపింది. వాకిట్లో కాపలా పెట్టి పెరటి తలుపు గడియ మరిచినట్టయింది. సెర్చ్ ఇంజిన్ల రోబోలూ లింకులు పట్టుకుని తిరిగేవే కానీ లాగిన్ దాటి లోపలికి రాలేవు. యాక్సిలరేటర్ మాత్రం ఆయన కంప్యూటర్లోనే కూర్చుని, ఆయన లాగిన్‌కు గుర్తయిన కుకీనే చూపించింది.

37సిగ్నల్స్ గూగుల్ మీద మండిపడింది. గూగుల్‌ను సమర్థించినవాళ్లు 1999 జూన్ నాటి హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం తీసి చూపించారు: గెట్ అన్నది తెచ్చుకోవడానికే, దాంతో దేన్నీ మార్చకూడదు. నా ఓటు ఈ సమర్థించినవాళ్లకే. అయితే సగం వెబ్ డిలీట్‌ను లింకుగా పెట్టుకున్న కాలంలో, అది చూసుకోకుండా జనంలోకి వదలడం గూగుల్‌కూ తగని పని. అక్టోబరులో అదే గొడవ మళ్లీ రేగింది. 2008 జనవరిలో ఆ ప్రోగ్రామే మూతపడింది.

ఈలోగా 37సిగ్నల్స్‌లోనే పుట్టిన రూబీ ఆన్ రెయిల్స్‌లో చెరిపే పనులకు బటన్ వచ్చింది. ఆ బటన్ అంటే ఒక ఫారం, అది పంపేది 'పోస్ట్', అంటే మార్పు చేయమనే అభ్యర్థన. చూడ్డానికి లింకే కావాలనేవాళ్ల కోసం హ్యాండ్లర్ పని మార్చుకుంది. నొక్కగానే అప్పటికప్పుడు ఒక ఫారం తయారుచేసి పోస్ట్‌గా పంపి, మామూలు దారిని ఫాల్స్‌తో మూసేస్తుంది. హ్యాండ్లర్‌ను తప్పించుకుని ఏ యంత్రమో వస్తే సర్వర్‌కు అందేది వట్టి గెట్. పోస్ట్ అయితేనే చెరపమని రాసుకున్న సర్వర్ దాన్ని వెనక్కి పంపేస్తుంది.