ఔట్‌బోర్డ్ పడవ పందేలు: తరగతులు, పడవల అమరిక

పడవ వెనుక పలకకు బయటి నుంచి బిగించే మోటారును ఔట్‌బోర్డ్ అంటారు. దాన్ని పెట్టుకుని నీటి మీద పోటీపడే వేగపు ఆట ఔట్‌బోర్డ్ పడవ పందెం. తెలుగు నేల మీద ఈ ఆటలో చెప్పుకోదగ్గ ఘట్టం 2018 నవంబరు 16 నుంచి 18 దాకా విజయవాడ దగ్గర కృష్ణా నదిలో జరిగిన ఎఫ్1హెచ్2ఓ (పడవల ఎఫ్1) ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీ. అమరావతి పేరు మీద జరిగింది.

మోటారు మాత్రం మనకు కొత్త కాదు. కోస్తా మత్స్యకారుల ఫైబర్ పడవలకూ, వరదల్లో తిరిగే ఎన్‌డీఆర్ఎఫ్ రబ్బరు పడవలకూ ఉండేది అదే. సహాయ సిబ్బంది దాన్ని ఓబీఎం అంటారు. పనికి వాడే పడవ నీళ్లలో కుదురుగా కూర్చోవాలి. పందెం పడవ నీటిని ఎంత తక్కువ తాకితే అంత మంచిది. తరగతుల మధ్య తేడాను హార్స్‌పవర్‌తో కొలవడం వాడుక గానీ, ఈ తాకిడితో కొలిస్తేనే అసలు సంగతి తేలుతుంది.

చరిత్ర

ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమెరికాలో తన మోటారును అమ్మకానికి పెట్టాక ఔట్‌బోర్డ్ జనంలోకి వచ్చింది. మోటార్లు పెరిగేకొద్దీ పందేలూ పెరిగాయి. ఇంజన్ ఘనపరిమాణాన్ని బట్టి ఏ, బీ, సీ అంటూ తరగతులు ఏర్పడ్డాయి. ప్రతి తరగతిలోనూ రెండు రకాల పడవలు ఉండేవి. రనబౌట్‌కు అడుగు ఒకే పలక. హైడ్రోప్లేన్‌కు ముందు రెండు పక్కలా తేలుడు దిమ్మెలు ఉంటాయి. వేగం అందుకున్నాక ఆ రెండు దిమ్మెల కొసలూ వెనుక ప్రొపెల్లరూ మాత్రమే నీటిని తాకుతాయి. అందుకే ఒకే మోటారుతో హైడ్రోప్లేన్ రనబౌట్‌ను దాటిపోతుంది.

1960లలో ఇటలీలోని కోమో సరస్సు దగ్గర ఆంజెలో మొలినారి సొరంగం పడవకు రూపమిచ్చాడు. రెండు సన్నటి అడుగుల నడుమ ఖాళీ వదిలితే అందులోకి దూరిన గాలి పడవను పైకి ఎత్తుతుంది. ఆయన కొడుకు రెనాటో 1981లో తొలి ఎఫ్1 ప్రపంచ విజేత అయ్యాడు. ఆ రోజుల్లో ఒక కంపెనీ 3.5 లీటర్ల వీ8 తెస్తే ఇంకొకటి దానికి దీటుగా తన మోటారును దించేది. ఈ పోటీకి మూల్యం చెల్లించింది డ్రైవర్లు. 1984లో వరుస ప్రమాదాల్లో పలువురు చనిపోయారు. అప్పటిదాకా డ్రైవరు పైకప్పు లేని గూట్లో కూర్చునేవాడు. బ్రిటన్‌కు చెందిన క్రిస్ హాడ్జెస్ పడవ ముక్కలైనా పగలకుండా డ్రైవరును కాపాడే రక్షణ పెట్టెను తయారు చేశాక పరిస్థితి మారింది. నా లెక్కలో ఈ క్రీడలో వచ్చిన అతి పెద్ద మార్పు అదే, మోటార్లు కావు.

తరగతులు

నేటి నియమాలను మొనాకోలోని అంతర్జాతీయ సంస్థ యూఐఎం చూస్తుంది. పిల్లలు జీటీ15తో మొదలుపెడతారు. అది 15 హెచ్‌పీ మోటారు ఉన్న ఒంటి అడుగు పడవ. జీటీ30కి మోటారు రెట్టింపు. ఓఎస్‌వై400లో 400 సీసీ మోటారు, చిన్న హైడ్రోప్లేన్ ఉంటాయి. డ్రైవరు మోకాళ్ల మీద కూర్చుని, మలుపుల్లో ఒంటి బరువును అటూ ఇటూ జరుపుతాడు. ఎఫ్4కు 60 హెచ్‌పీ ఫోర్‌స్ట్రోక్ మోటారు, సొరంగం అడుగు. ఆపైన ఎఫ్2. అన్నిటికీ పైన ఎఫ్1: సుమారు 6 మీటర్ల పొడవు, మోటారుతో కలిపి 390 కిలోల బరువు, చాలా ఏళ్లుగా వాడుతూ వచ్చిన, 400 హెచ్‌పీ ఇచ్చే 2.5 లీటర్ల వీ6 టూస్ట్రోక్. 100 కిలోమీటర్ల వేగం నాలుగు సెకన్లలోపే. గేర్లు లేవు, బ్రేకులు అసలే లేవు.

అమరిక

ఒక తరగతిలో అందరి మోటార్లూ ఒకటే అయినప్పుడు గెలుపు అమరిక మీదే ఆధారపడుతుంది. మొదటిది మోటారు ఎత్తు. పైకి లేపేకొద్దీ గేర్‌కేసు నీటిలో ఈడ్చుకుపోవడం తగ్గుతుంది. ప్రొపెల్లర్ సగం బయటికి వచ్చినా తోస్తూనే ఉంటుంది, దాన్ని అందుకు తగ్గట్టే తయారు చేస్తారు. మరీ లేపితే గాలిని కొరుకుతుంది. మోటారు గోల పెరుగుతుంది గానీ పడవ ముందుకు కదలదు. చల్లబరిచే నీరు అందక మోటారు కాలిపోయే ప్రమాదమూ ఉంది.

రెండోది ట్రిమ్, అంటే మోటారు వాలు. లోపలికి వాలిస్తే ముక్కు కిందికి దిగుతుంది. బయలుదేరేటప్పుడు, మలుపులోకి దూరేటప్పుడు అదే కావాలి. బయటికి వాలిస్తే ముక్కు లేచి పడవ తేలిక పడుతుంది. ఒక్క గాలి తెర ఎక్కువైతే వెనక్కి పల్టీ. ఎఫ్1 డ్రైవరు దీన్ని పరుగులోనే మారుస్తుంటాడు. చిన్న తరగతుల్లో చాలావాటికి ఒడ్డునే ఖరారు చేయాలి కాబట్టి ఆ నాటి గాలిని, అలను ముందే అంచనా వేయాలి. ఈ లెక్కన చిన్న తరగతే కష్టమైనది అనే పాత ఆటగాళ్ల మాటను కొట్టిపారేయలేం. మూడోది ప్రొపెల్లర్ పిచ్. తిన్నని దారి పొడవైతే పెద్ద పిచ్, మలుపులు ఎక్కువైతే చిన్న పిచ్.

కృష్ణలో

విజయవాడ కంటే ముందు ముంబైలో ఔట్‌బోర్డ్ పందెం పడవలు కనిపించాయి. 2017 మార్చిలో అక్కడి మెరీన్ డ్రైవ్ ముందు పీ1 పందెం జరిగింది. అందులో పడవలన్నీ ఒకే అచ్చు, డ్రైవరు పక్కన దారి చూపే తోడు కూడా ఉంటాడు. మరుసటి ఏడాది విజయవాడ వంతు. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ ఎగువన నది చెరువులా నిలిచి ఉంటుంది. సొరంగం పడవకు కావలసింది అలాంటి నీళ్లే. స్వీడన్ డ్రైవర్లు జోనాస్ ఆండర్సన్, ఎరిక్ ఈడిన్ 'టీమ్ అమరావతి' పేరుతో పోటీ చేశారు. పేరు మనది, డ్రైవర్లు అక్కడివాళ్లు. ఆ ఏడాది ప్రపంచ టైటిల్ అమెరికా డ్రైవరు షాన్ టొరెంటేకు దక్కింది.

మరుసటి ఏడాది ఎఫ్1హెచ్2ఓ క్యాలెండరులో కృష్ణ లేదు. తెలంగాణలో నీటి పందేలంటే హుస్సేన్‌సాగర్ తెరచాపలే. ఔట్‌బోర్డ్ అక్కడ శిక్షకుల పడవల్లో, రక్షణ పడవల్లో తిరుగుతుంది. మెదక్ జిల్లా చేగుంట లాంటి ఊళ్ల చెరువుల్లో ఎఫ్1 పరుగు కుదరదు. దానికి రెండు కిలోమీటర్ల దాకా చుట్టు కావాలి. నిండిన చెరువులో జీటీ15కు మాత్రం చోటు దొరుకుతుంది, తుమ్మ మోళ్లు లేకపోతే.