పేరు ముందు, జీవితం వెనుక: బఘీరా కిప్లింగీ వర్ణన చరిత్ర

ఉపోద్ఘాతం:
కొత్త జాతికి శాస్త్రీయ వర్ణన వెలువడగానే ఆ జీవి గురించి తెలుసుకోవలసినది తెలిసిపోయిందని భావించడం కద్దు. నిజానికి వర్ణన ఆ జీవిని తక్కినవాటి నుంచి వేరుచేసి గుర్తించడానికి ఆధారం మాత్రమే. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలలో నివసించే బఘీరా కిప్లింగీ అనే దూకే సాలీడు చరిత్ర ఈ భేదాన్ని స్పష్టం చేస్తుంది.

నామకరణం:
దూకే సాలీళ్లు వల పన్ని కాచుకోవు. ఎరను చూపుతో గుర్తించి, మాటువేసి మీదికి దూకుతాయి. వీటి అధ్యయనానికి బాటలు వేసిన వారిలో అమెరికాలోని మిల్వాకీకి చెందిన జార్జి పెక్‌హామ్, ఎలిజబెత్ పెక్‌హామ్ దంపతులు ముఖ్యులు. మగ సాలీళ్లు ఆడవాటి ఎదుట చేసే నృత్యాన్ని గమనించి, 1889లో వారు ప్రకటించిన రచన డార్విన్ లైంగిక వరణ సిద్ధాంతాన్ని సమర్థించింది.

1896లో ఈ దంపతులు మెక్సికో, మధ్య అమెరికా సాలీళ్లను వర్ణిస్తూ నాలుగు ప్రజాతులకు అకేలా, బఘీరా, మెసువా, నాగైనా అని పేర్లు పెట్టారు. ఇవన్నీ అప్పటికి కొద్దికాలం క్రితమే వెలువడిన రడ్యార్డ్ కిప్లింగ్ ‘జంగిల్ బుక్’ కథలలోని పాత్రలు. ఈ విధంగా భారతీయ భాషాపదాల ఛాయలున్న పేర్లు అమెరికా సాలీళ్లకు సంక్రమించాయి. బఘీరా నల్ల చిరుతపులి. వేటాడే సాలీడుకు ఆ పేరు తగినదనిపించడం సహజం.

వర్ణనకు అందనిది:
నాటి వర్ణనకు ఆధారం మగ సాలీడు. ఆడ సాలీడు వర్ణన 1996లో గాని వెలువడలేదు. భద్రపరచిన నమూనా దేహ నిర్మాణాన్ని చూపగలదు గాని, ఆ జీవి ఏ చెట్టుపై బతికిందో, ఏమి తిన్నదో చెప్పలేదు.

ఆ సమాధానం తుమ్మజాతి చెట్లపై దొరికింది. ఆ చెట్లు బోలు ముళ్లలో చీమలకు నివాసమిచ్చి, ఆకుల కొసల్లో మాంసకృత్తులు, కొవ్వులు గల చిన్న బుడిపెలను ఆహారంగా అందిస్తాయి. చీమలు ప్రతిగా చెట్టును కాపాడతాయి. ఈ పరస్పర సహకారాన్ని థామస్ బెల్ట్ 1874లోనే వివరించాడు. క్రిస్టఫర్ మీహన్, ఎరిక్ ఓల్సన్ తదితరులు 2009లో ప్రకటించిన పరిశోధన, బఘీరా కిప్లింగీ ఆ చీమలను తప్పించుకొంటూ ఆ బుడిపెలనే ప్రధానంగా తింటున్నదని నిరూపించింది. మెక్సికోలో దాని ఆహారంలో 90 శాతానికి పైగా మొక్కల నుంచి లభించేదే. కోస్టారికాలో ఆ పాలు తక్కువ. అప్పుడప్పుడు చీమల పిల్లపురుగులను కూడా తింటుంది. అప్పటికి తెలిసిన దాదాపు 40,000 సాలీడు జాతులలో ప్రధానంగా శాకాహారంపై ఆధారపడినదిగా గుర్తింపు పొందినది ఇదొక్కటే.

ముగింపు:
చిరుతపులి పేరున్న సాలీడు ఆకుకొసలు తిని బతకడం నేతిబీరకాయ సామెతను గుర్తుచేస్తుంది. అయితే అర్థం పొసగలేదన్న కారణంతో శాస్త్రీయ నామాన్ని తిరస్కరించడాన్ని అంతర్జాతీయ జంతునామకరణ నియమావళి అంగీకరించదు. పేరు స్థిరంగా ఉన్నందువల్లనే 1896 నాటి నమూనాను, 113 సంవత్సరాల తరువాతి క్షేత్ర పరిశీలనను ఒకే జీవికి అన్వయించడం సాధ్యమైంది. పెక్‌హామ్ దంపతుల వర్ణనలో లోపమేమీ లేదు. అది జాతిని గుర్తించింది. దాని జీవనాన్ని తెలుసుకొనే బాధ్యతను మాత్రం తరువాతి తరాలకు మిగిల్చింది. ఆ బాధ్యత నెరవేరడానికి సాలీడుతో పాటు అది బతికే చెట్టు, ఆ చెట్టును కాచే చీమ కూడా నిలిచి ఉండాలి. అందువల్ల నమూనాను భద్రపరచడం ఎంత అవసరమో, ఆవాసాన్ని కాపాడడమూ అంతే అవసరం.