ఆమిష్ గృహముల మజ్జిగ బిస్కెట్లు



బిస్కెట్టు వంటి చిన్న వస్తువునకు చరిత్ర యేమి యుండునని మీరు అడుగవచ్చును. అమెరికాలోని ఆమిష్ ప్రజలు ఇంట కాల్చుకొను మెత్తని బిస్కెట్ల వెనుక ఒక సంఘము పడిన శ్రమలును, అది నేర్చిన మంచి మర్యాదయు గలవు.

1525వ సంవత్సరమున స్విట్జర్లాండు దేశములోని జూరిక్ పట్టణమందు కొందరు, విశ్వసించిన వారికే బాప్తిస్మ మియ్యవలెనని పట్టుబట్టిరి. 1527లో వారిలో ఫెలిక్స్ మాంజ్ అను వానిని అధికారులు లిమ్మత్ నదిలో ముంచి చంపిరి. బహిరంగముగా ఆరాధించు వీలు లేక మిగిలినవారు ఇండ్లలోను, అడవులలోను రహస్యముగా కూడుకొనిరి. 1693లో యాకోబు అమ్మాన్ అను పెద్దను వెంబడించి వారినుండి వేరైనవారే ఆమిష్ వారు. వీరు 18వ శతాబ్దమున ఓడలెక్కి పెన్సిల్వేనియా చేరి, సేద్యము చేసికొని బ్రదికిరి. ఆ జూరిక్ కదలికనుండి వచ్చిన మరియొక శాఖ మెన్నొనైటులు. 1889లో రష్యానుండి మన దేశమునకు వచ్చి నల్లగొండలో సేవచేసిన ఫ్రీసెన్ దంపతులు ఆ శాఖవారే.

హింస పోయినను ఇంటి ఆరాధన పోలేదు. నేటికిని ఆమిష్ వారిలో అధికులు గుడి కట్టుకొనరు. రెండు వారముల కొకసారి, వంతు వచ్చినవారి యింట కూడుకొందురు. ఆరాధన ముగిసిన పిమ్మట రొట్టె, ఊరగాయ, కాఫీ, బిస్కెట్ల వంటి సామాన్య భోజనము పెట్టుదురు. ఏ యింట కూడినను భోజనము ఇంచుమించుగా ఒక్కటే. కలిగిన యిల్లు గొప్ప చూపకుండుటకును, లేని యిల్లు సిగ్గుపడకుండుటకును ఆ పద్ధతి.

బిస్కెట్లును అట్టివే. వెన్న చిలికిన యింట మజ్జిగ మిగులును గదా! 1846లో అమెరికా అంగళ్లకు వంటసోడా వచ్చిన తరువాత, పుల్లని మజ్జిగతో అది కలిసి పిండిని పొంగించునని గృహిణులు కనుగొనిరి. మీరును చేసి చూడుడి. అరగిన్నె వెన్నను గిన్నెడు పంచదారతో చేతితో బాగుగా గిలకొట్టి, ఒక గ్రుడ్డు, అరగిన్నె చిక్కని పుల్ల మజ్జిగ కలుపుడి. రెండున్నర గిన్నెల మైదాలో అర చెంచా సోడా, చిటికెడు ఉప్పు వేసి జల్లించి అందులో కలుపుడి. ముద్దను చెంచాతో పళ్లెముమీద ఎడమెడముగా పెట్టి, 190 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో సుమారు 10 నిమిషములు కాల్చుడి. ఓవెను లేనివారు మందపాటి పాత్ర అడుగున ఇసుక పోసి, మూతపెట్టి వేడిచేసి, లోపల ఎత్తుమీద పళ్లెముంచి, అంచులు ఎఱ్ఱబారువరకు కాల్చవచ్చును.

సోదరీ సోదరులారా, మన గ్రామములలో సంఘ విందు చేయు వంతు వచ్చినప్పుడు అప్పునకై వడ్డీవ్యాపారి గడప త్రొక్కిన కుటుంబములు లేవా? పెట్టలేక ఆరాధనకే రాక మానినవారు లేరా? ఈసారి మీ పెద్దలు కూడినప్పుడు, అందరి యింటను ఒక్కటే వంటకము చాలునని మాటాడుకొనుడి. పేదవిధవ కూడ తలయెత్తుకొని వడ్డించగల భోజనమే సంఘ భోజనము.