బొగ్గు నుంచి ఎండ దాకా

మా తాత కరీంనగర్ నుంచి చంద్రపూర్ వచ్చి బొగ్గు బాయిలో పనిచేశారు. "మేం తవ్విన బొగ్గుతోనే ఊళ్లల్ల లైట్లు వెలిగినయి" అంటుంటారు. నిజమే. మా ఊరి థర్మల్ పవర్ స్టేషన్‌లో 1983లో కరెంటు తయారీ మొదలైంది. నేడు దాని సామర్థ్యం 2,920 మెగావాట్లు.

సోలార్‌కూ పాత చరిత్రే ఉంది. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ సిలికాన్ సోలార్ సెల్‌ను చూపించింది. అప్పట్లో ధర చాలా ఎక్కువ. అందుకే మొదట్లో ఉపగ్రహాలకు వాడారు. ఇప్పుడు అది ఇంటి కప్పు మీదికి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో మన దేశంలో పీఎం సూర్యఘర్ పథకం మొదలైంది. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు లేదా అంతకు మించితే 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తారు.

కానీ ప్యానెళ్లు పెట్టాకే ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ముందు మనమే కట్టాలి, లేదా లోను తీసుకోవాలి. సొంత ఇల్లు కూడా ఉండాలి. మాది కిరాయి ఇల్లు. తాతకు ఈ సంగతి చెప్తే, "బాయిల దిగేటప్పుడు ఇల్లు ఎవరిదని అడగలే బిడ్డా" అని నవ్వారు.

చంద్రపూర్ ఎండ అందరి మీదా ఒకేలా పడుతుంది. సోలార్ వెలుగు కిరాయి ఇళ్ల దాకా కూడా రావాలని నా కోరిక.