పిన్‌కోడ్ ఆగిపోయే చోట

అమ్మమ్మ పెట్టె సర్దుతుంటే ఉత్తరాల కట్టలో నేను రాసిన పోస్టుకార్డు ఒకటి బయటపడింది. 1991 వేసవిలో హైదరాబాదు నుంచి రాశాను. పరీక్షలు అయిపోయాయి, వస్తున్నాం, మామిడి తాండ్ర దాచిపెట్టు అని నాలుగు ముక్కలు. చిరునామా మాత్రం గొప్ప కోసం ఇంగ్లీషులో రాశాను. పెనుగొండలో 'గ' పడాల్సిన చోట 'క' పడింది. జిల్లా పేరు రాయలేదు, పిన్‌కోడ్ వెయ్యలేదు. ఇంకేముంది, కార్డు గోదావరి వైపు రాకుండా అనంతపురం జిల్లా పెనుకొండకి వెళ్ళింది. 1565లో తళ్ళికోట యుద్ధం అయ్యాక విజయనగర రాజులు తలదాచుకున్న పెనుకొండ అన్నమాట. అమ్మమ్మ వాళ్ళ ఊరి పేరు అక్కడి జాబితాలో లేకపోయేసరికి ఎవరో ఎర్రసిరాతో 'ప.గో. జిల్లా చూడండి' అని రాసి తిప్పి పంపారు. కార్డు చేరేసరికి మేం తాండ్ర తినేసి తిరుగు ప్రయాణానికి సంచులు సర్దుకుంటున్నాం.

ఇలాంటి గందరగోళం తీర్చడానికే 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్ తపాలా అధికారి మాత్రమే కాదు, సంస్కృతంలో కవి కూడా. ఒకే పేరున్న ఊళ్ళు, ఒక్క అక్షరం తేడా ఉన్న ఊళ్ళు, ఒకరి భాషలో రాసింది ఇంకొకరు చదవలేని చిరునామాలు, వీటన్నిటికీ ఆయన ఇచ్చిన జవాబు ఆరు అంకెలు. మన పెనుగొండ 534320, ఆ పెనుకొండ 515110. రెండూ 5తోనే మొదలవుతాయి, రెండో అంకెకే దారులు విడిపోతాయి. మొదటి మూడు అంకెలు ఉత్తరాలు వేరుచేసే జిల్లాని చెబుతాయి, చివరి మూడు బట్వాడా చేసే పోస్టాఫీసుని చెబుతాయి.

అక్కడితో అంకెలు అయిపోతాయి. పెనుగొండ చుట్టుపక్కల పల్లెల్లోని బ్రాంచి పోస్టాఫీసులకి విడిగా నంబర్లుండవు. తమ పై ఆఫీసు నంబరే వాటికీ నంబరు. అంటే పిన్‌కోడ్ ఉత్తరాన్ని పెనుగొండ దాకా తెచ్చి వదిలేస్తుంది. అక్కణ్ణుంచి అమ్మమ్మ వాకిట్లోకి ఉన్న నాలుగు మైళ్ళూ ఒక మనిషి బాధ్యత. ఆ మనిషికి మన తపాలా వ్యవస్థ ఏం విలువ కట్టింది అన్నదే ఈ వ్యాసంలో నేను అడగబోయే ప్రశ్న.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1854కి ముందు ఉత్తరం ఖరీదు దూరాన్ని బట్టి ఉండేది. ఆ ఏడాది వచ్చిన పోస్టాఫీసు చట్టం దూరం లెక్క తీసేసి బరువు లెక్క పెట్టింది. పావు తులం ఉత్తరం దేశంలో ఎక్కడికైనా అర్ధణా. అక్టోబరు 1 నుంచి దేశమంతటికీ ఒకే స్టాంపులు వచ్చాయి. 1879లో కాలణా పోస్టుకార్డు వచ్చింది, 1880లో మనియార్డరు. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి రంగూన్‌కి రాసే ఉత్తరం కూడా స్వదేశీ లెక్కే. అక్కడికి కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళని గోదావరి నోట ఉన్న కోరంగి రేవు పేరుతో 'కోరంగీలు' అనేవారు. వాళ్ళు పంపిన డబ్బు సముద్రం దాటి వచ్చేదీ ఈ ఏర్పాటు మీదే.

ఒకే ధర అన్నది ఎంత పెద్ద మాటో ఇప్పుడు మనకి పట్టదు. రాజమండ్రి నుంచి మద్రాసు పక్కా భవనానికి వెళ్ళే ఉత్తరానికీ, లంక గ్రామంలో పాకకి వెళ్ళే ఉత్తరానికీ ఒకే బిళ్ళ. అయితే స్టాంపు మీద దూరం చెరిపేసినంత మాత్రాన నేల మీద దూరం పోదు. రైలు వెళ్ళేదాకా ఖర్చు కొన్ని వేల ఉత్తరాల మీద పంచుకుపోతుంది. పెనుగొండకి రైలు లేదు, తణుకులోనో పాలకొల్లులోనో దిగాలి. అక్కడి నుంచి సంచి పెనుగొండ చేరాక, రోజుకి పది ఉత్తరాలు వచ్చే పల్లె కోసం కాలవగట్టున నాలుగు మైళ్ళు పోయిరావడం లెక్కల్లో ఎప్పుడూ నష్టమే.

ఆ నష్టం తగ్గించుకోవడానికి దొరికిన దారి, ఊళ్ళో ఏదో ఒక బతుకుతెరువు ఉన్నవాళ్ళకి తపాలా పనిని పక్కపనిగా అప్పగించడం. బడిపంతులు, కొట్టుయజమాని, కాస్త పొలం ఉన్న రైతు. ఇంట్లో ఒక గది పోస్టాఫీసు, పూటకి కొన్ని గంటల పని, నెలకి కొంత భత్యం. వీళ్ళ పేరు 'ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు'. ఊళ్ళో అందరికీ ఈడీలు. పేరులోనే ఉంది చూడండి, శాఖ పని చేస్తారు గానీ శాఖవాళ్ళు కారు.

ఆ కొన్ని గంటల్లో ఏముండేదో చూస్తే ఇది పక్కపని అని ఎలా అనుకున్నారా అనిపిస్తుంది. పొద్దున్నే పెనుగొండ లాంటి పై ఆఫీసు నుంచి సీలు వేసిన సంచి వస్తుంది. అందులో ఉత్తరాలతో పాటు బ్రాంచి ఆఫీసు స్లిప్పు ఉంటుంది. ఎన్ని రిజిస్టరు ఉత్తరాలు, ఎన్ని మనియార్డర్లు, ఎంత నగదు, ఎన్ని స్టాంపులు పంపారో అందులో రాసి ఉంటుంది. పోస్టుమాస్టరు సీలు చూసి, సంచి విప్పి, ఒక్కొక్కటీ స్లిప్పుతో సరిచూసుకుని, తేదీ ముద్రలు కొట్టి, బట్వాడా మనిషికి పుస్తకంలో రాసి అప్పగించాలి. తిరిగి వచ్చాక ఇచ్చినవి, ఇవ్వనివి, ఎందుకివ్వలేదో కారణాలు రాయాలి. మనిషి దొరకని ఉత్తరాన్ని ఏడు రోజులుంచి వెనక్కి పంపాలి. సాయంత్రానికి రోజువారీ లెక్క రాసి సంచిలో పెట్టి సీలు వెయ్యాలి.

స్టాంపులు తెప్పించుకోవడం కూడా ఈ సంచిలోనే. బ్రాంచి ఆఫీసు దగ్గర ఎంత నగదు, ఎంత విలువ స్టాంపులు ఉండొచ్చో పరిమితి ఉంటుంది. కార్డులు అయిపోతున్నాయంటే పోస్టుమాస్టరు ఆ కబురు పై ఆఫీసుకి రాసి సాయంత్రం సంచిలో పంపుతాడు. అవి తర్వాతి సంచిలో స్లిప్పు మీద ఎక్కి వస్తాయి. పై ఆఫీసుకి హెడ్ పోస్టాఫీసు, దానికి హైదరాబాదులో స్టాంపుల డిపో, దానికి నాసిక్‌లో 1925లో పెట్టిన సెక్యూరిటీ ప్రెస్. అంతకు ముందైతే లండన్‌లో డి లా రూ కంపెనీ అచ్చువేసి ఓడలో పంపేది. అంత పొడుగు గొలుసుకి చివరి కొస అమ్మమ్మ ఇంటి అరుగు.

ఎందుకంటే పల్లె పోస్టుమాన్ ఉత్తరాలు పంచేవాడు మాత్రమే కాదు. అతని సంచిలో అమ్మడానికి కార్డులు, కవర్లు, స్టాంపులు ఉండాలి. పంపాల్సిన రిజిస్టరు ఉత్తరాలూ మనియార్డర్లూ దారిలోనే తీసుకుని తాత్కాలిక రసీదు ఇవ్వాలి. చదువురానివాళ్ళకి మనియార్డరు ఇస్తే సాక్షి ఎదురుగా వేలిముద్ర వేయించుకోవాలి. ఊరికి వెళ్ళినట్టు రుజువుగా బడిపంతులు లాంటి పెద్దమనిషి చేత తన పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. పోస్టాఫీసే నడిచి వచ్చేదన్నమాట.

అమ్మమ్మకి అది ఎప్పుడూ వింతగా తోచలేదు. డబ్బులు చీరకొంగు ముడిలోంచి తీసి, "బాబూ, పది కార్డులు, రెండు కవర్లు" అనేది. సంచిలో ఉంటే ఇచ్చేవాడు. లేకపోతే "ఆయ్, రేపు తెత్తానండి" అనేవాడు. మేం ఆయన్ని పోస్టు మావయ్య అనేవాళ్ళం. వచ్చిన ఉత్తరం చదివి పెట్టడం, జవాబు రాసి పెట్టడం ఆయన పనుల పట్టికలో లేవు. అయినా అవి చెయ్యకుండా ఆయన వాకిలి దాటడం నేను చూడలేదు.

ఇదే పని అమెరికాలో ఎలా జరిగిందో చూస్తే మన ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. అక్కడా పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా రైతు ఊళ్ళోకి వెళ్ళి ఉత్తరాలు తెచ్చుకోవాల్సిందే. 1896 అక్టోబరు 1న వెస్ట్ వర్జీనియాలో పల్లెలకి ఉచిత బట్వాడా మొదలుపెట్టారు. ఆ బండివాళ్ళ దగ్గర కూడా స్టాంపులుండేవి. రైతు రోడ్డు పక్క డబ్బాలో ఉత్తరంతో పాటు చిల్లర పడేస్తే, పోస్టుమాన్ స్టాంపు అంటించి పట్టుకెళ్ళేవాడు. చలికాలంలో గడ్డకట్టిన వేళ్ళతో డబ్బా అడుగున పెన్నీలు ఏరుకోవడం అతనికి పెద్ద తలనొప్పి. అక్కడి పల్లెల్లో ఇప్పటికీ ఫారం నింపి డబ్బాలో పెడితే స్టాంపులు ఇంటికొస్తాయి. పని దాదాపు మన పోస్టు మావయ్యదే. తేడా ఒక్కటే, వాళ్ళు మొదట్లోనే ప్రభుత్వ ఉద్యోగులయ్యారు.

ఇక్కడ 1964లో ఈడీలకి విడిగా సర్వీసు నియమాలొచ్చాయి. రోజుకి ఐదు గంటలకి మించని పని, పోస్టుమాస్టరుకి బతకడానికి వేరే ఆదాయం ఉండాలన్న షరతు, ఆఫీసుకి చోటు అతనే చూపించాలన్న షరతు, పింఛను లేకపోవడం, ఇవన్నీ ఆ ఏర్పాటులో భాగం. మామూలుగా ఉద్యోగం బతుకునివ్వాలి. ఇక్కడ బతుకు ముందే ఉంటేనే పని. తపాలా ఖర్చులో కొంత ఆ మనిషి పొలమో కొట్టో మోయాలని నియమమే చెప్పినట్టు కదా!

1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు ఈడీలు ఏదో రోజుకూలీకి వచ్చినవాళ్ళు కారని, వాళ్ళది ప్రభుత్వం కింద ఉన్న సివిల్ పోస్టేనని తేల్చింది. దానివల్ల విచారణ లేకుండా తీసెయ్యకుండా రాజ్యాంగంలోని 311వ అధికరణ రక్షణ దొరికింది. జీతం, పింఛను విషయంలో మాత్రం గీత అలాగే ఉంది. 2001లో పేరు మారి 'గ్రామీణ డాక్ సేవక్' అయింది. 'ఎక్స్‌ట్రా' పోయినందుకు సంతోషించాలో, పనివాడు 'సేవకుడు' అయినందుకు బాధపడాలో తెలీదు. ఇంకో చిన్న మార్పు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2001 నియమావళి పేరులో 'ఎంప్లాయ్‌మెంట్' అన్న మాట ఉండేది, 2011 నియమావళిలో ఆ చోట 'ఎంగేజ్‌మెంట్' వచ్చింది. ఉద్యోగం కాస్తా పని అప్పగింత అయింది. 2018 మే నెలలో దేశమంతటా డాక్ సేవకులు సమ్మె చేశారు. జూన్ 6న కేంద్ర మంత్రివర్గం భత్యం పెంచింది. నాలుగు గంటల పనికి బ్రాంచి పోస్టుమాస్టరుకి నెలకి 12,000, మిగతావాళ్ళకి 10,000 రూపాయలు కనీసం. దాన్ని ఇప్పటికీ జీతం అనరు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో 23,344 పోస్టాఫీసులుండేవి. ఇప్పుడు లక్షా అరవై వేలకి అటూ ఇటూ, పదింట తొమ్మిది పల్లెల్లోనే. ప్రపంచంలో ఇంత పెద్ద తపాలా వ్యవస్థ ఇంకొకటి లేదని గర్వంగా చెప్పుకుంటాం. ఆ పెరుగుదల ఎక్కువగా ఈ శాఖేతర మనుషుల ఇళ్ళల్లో, వాళ్ళ సైకిళ్ళ మీద జరిగింది.

ఉత్తరాలే లేని రోజుల్లో ఇదంతా ఎందుకంటారా? టెలిగ్రాం 2013లో పోయింది. 2025లో రిజిస్టరు పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. 1898 చట్టం స్థానంలో వచ్చిన 2023 పోస్టాఫీసు చట్టంలో, ఉత్తరాలు మోసే ప్రత్యేక హక్కు ప్రభుత్వానికి లేదు. స్టాంపులు జారీచేసే ప్రత్యేక హక్కు మాత్రం ఉంచుకుంది. ఉత్తరం ఎవరైనా మొయ్యొచ్చు, బిళ్ళ మాత్రం సర్కారుదే. అయితే లాభం చూసుకుని మోసే ఎవరూ కాలవగట్టు చివరి పాకకి, మిగతా అందరికీ పడే ఖరీదుకే రారు. ఈ తేడాని ఇన్నేళ్ళూ పూడ్చినవాళ్ళకి మనం బాకీ ఉన్నామని నా నమ్మకం.

మొన్న సంక్రాంతికి అమ్మమ్మ ఊరు వెళ్ళాను. ఇప్పుడు బట్వాడా చేసే కుర్రాడు బండి మీద వచ్చాడు. చేతిలో ఫోను, వేలిముద్ర మిషను. పింఛను డబ్బులు, ఆధార్, బ్యాంకు కార్డులు. అమ్మమ్మ వేసిన వేలిముద్రలు గుర్తొచ్చాయి, సిరా ఒక్కటే మారింది. "బాబూ, ఐదు రూపాయల స్టాంపులు పది కావాలి" అన్నాను. ఆశ్చర్యంగా చూశాడు.

"స్టాంపులాండీ? అడిగి శానా ఏళ్ళయిందండి. ఇప్పుడు లేవు, రాసి పంపుతాను. రేపు తెత్తానండి."

మర్నాడు తెచ్చాడు. పెనుగొండ సంచిలో, స్లిప్పు మీద ఎక్కి వచ్చాయి. ఆ బిళ్ళ అంటిస్తే ఉత్తరం పెనుకొండకైనా గౌహతికైనా ఐదు రూపాయలే. పోయేటప్పుడు బండి పెట్రోలు గురించి అడిగాను. నవ్వి, "మా నాన్నగారికి అరెకరం ఉందండి" అన్నాడు.