అయిదుగురు, నాలుగు టికెట్లు

చెప్పులు గుమ్మం బయటే వదలండి. లోపల కాస్త చూసి అడుగెయ్యండి, నేలంతా పూసలు. ఒకటి కాలికింద పడి చిట్లితే ఏముందిలే అనుకోవద్దు. అది ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం పూస అయిందంటే ఈ ఇంట్లో మీకు మంచినీళ్లు కూడా పుట్టవు.

కూకట్‌పల్లిలో మా ఫ్లాటు, మూడో అంతస్తు. 2024 ఫిబ్రవరి 25, ఆదివారం, మధ్యాహ్నం రెండవుతోంది. సోఫాని బట్టలు, ఇస్త్రీపెట్టె, రెండు సూట్‌కేసులు ఆక్రమించాయి కాబట్టి మీరు నేలమీదే సర్దుకోవాలి. ఇటు, నా పక్కన గోడకు ఆనుకోండి. ఉక్కగా ఉందా? ఫ్యాను వెయ్యమని మాత్రం అడక్కండి. ఇంటిదాన్ని, నేనడిగితేనే వెయ్యలేదు. కోటుకు కుట్టే చమ్కీలు ఎగిరిపోతాయట.

గుండ్రంగా కూర్చున్నది అయిదుగురు ఆడపిల్లలు: మా అమ్మాయీ, తన స్నేహితురాళ్లు నలుగురూ. ఆ నలుగురినీ ఊరి పేర్లతోనే చెబుతాను. మధ్యలో ఉన్నది మా అమ్మ పోపులపెట్టె. ఆవాల గిన్నెలో నల్లపూసలు, జీలకర్ర గిన్నెలో నీలాలు, మెంతుల గిన్నెలో బంగారు రంగువి. మూడుసార్లు సబ్బుపెట్టి తోమినా ఇంగువ వాసన పోలేదు. ఇంకో పన్నెండు రోజుల్లో సింగపూర్‌లో ముక్కూమొహం తెలియని ఏ పిల్ల చేతికో ఇంగువ వాసనేసే బ్రేస్‌లెట్ ఎక్కబోతోంది.

టీవీ బల్లకు ఆనించిన ఆ ఫోనులో కనిపిస్తున్నది సిడ్నీ. అక్కడిప్పుడు రాత్రి ఏడున్నర. అకోర్ స్టేడియంలో టేలర్ స్విఫ్ట్ కచేరీలు నాలుగు రాత్రులు, ఇవాళ మూడోది. అక్కడున్న ప్రేక్షకురాలెవరో తన ఫోను ఎత్తి పట్టుకుని లోకానికంతా చూపిస్తోంది. ఆవిడ చెయ్యి నొప్పెట్టినప్పుడల్లా మనకు ముందు వరసలో అమ్మాయి జుట్టు కనిపిస్తుంది. పాట తక్కువ, జనం గోల ఎక్కువ. అయినా ఆ గొంతు పైకి లేవగానే ఈ అయిదుగురి చేతులూ ఒక్కసారి ఆగిపోతాయి, చూస్తూ ఉండండి. ఆగాయా? మళ్లీ కదిలాయి.

మంచం మీద కాళ్లు చాపుకున్నావిడ మా అమ్మ. టేలర్ అన్న పేరు ఆవిడకు నోరు తిరగదు. మొదట్లో ఎవరో బట్టలు కుట్టే అమ్మాయనుకుంది, ఇప్పటికీ ‘టైలరమ్మాయి’ అనే అంటుంది. “శుక్రవారం నాడు పిడుగులు పడ్డాయన్నారు, ఇవాళ వాన లేదు కదే?” అని అడుగుతోంది. నిజమే, మొన్న సిడ్నీలో మెరుపుల దెబ్బకు మొదట పాడాల్సిన సబ్రీనా కార్పెంటర్ కార్యక్రమం ఎత్తేశారు. మా వీధి వాతావరణం తెలియకపోయినా ఆవిడకు సిడ్నీ వాతావరణం తెలుసు.

పూసల సంగతి చెప్పాలి. 2022లో వచ్చిన ‘మిడ్‌నైట్స్’ ఆల్బమ్‌లో ఒక పాటలో ఫ్రెండ్‌షిప్ బ్రేస్‌లెట్ల మాట వస్తుంది. 2023 మార్చిలో అమెరికాలో ఈ ‘ఎరాస్ టూర్’ మొదలయ్యేసరికి అభిమానులు దాన్ని ఒక ఆచారం చేసేసుకున్నారు. ఎవరికి వాళ్లు గుచ్చుకు వెళ్లడం, అక్కడ కనపడ్డవాళ్లతో మార్చుకోవడం. పేరంటంలో తాంబూలాలు ఇచ్చి పుచ్చుకున్నట్టే. మా వాళ్లు తలా ఇరవై అనుకున్నారు. బేగంబజార్‌లో కిలోల లెక్కన రంగుపూసలు, పొట్లాల లెక్కన అక్షరాల పూసలు తెచ్చారు. ఆ పొట్లాల్లో అన్ని అక్షరాలూ సమానంగా కలిపి పోస్తాడు వ్యాపారి. పాటల పేర్లేమో అలా ఉండవు కదా! ‘ఏ’, ‘ఈ’ అక్షరాల పూసలు మొదటి సాయంత్రమే అయిపోయాయి. క్యూ, ఎక్స్, జడ్ పూసలు ఇదుగో, ఈ స్టీలు గిన్నె నిండా మిగిలాయి. అంకెల్లో 1, 3 మాయం. టేలర్ పుట్టింది 1989 డిసెంబరు 13న, కలిసొచ్చే అంకె అదేనట.

వరంగల్ అమ్మాయి ముడి వేస్తోంది, దగ్గరగా చూడండి. నర్సింగ్ చదివిన చెయ్యి. ఎలాస్టిక్ దారం రెండు కొసలూ ఒకదాంట్లోంచి ఒకటి రెండుసార్లు తిప్పి, పళ్లతో ఒక కొస పట్టి లాగి, ముడి మీద ఫెవిక్విక్ చుక్క ఒక్కటి వేసి, ఊదుతుంది. గాయానికి కుట్టువేసేవాళ్ల ముడి అట. ఆ ముడిని పక్కనున్న పూస రంధ్రంలోకి నెట్టేస్తే ఇక కనపడదు. తక్కినవాళ్లు వేసిన ముడులు అప్పుడే రెండు ఊడి పూసలు ఫ్రిజ్ కిందికి పోయాయి.

లెక్కలు గుంటూరు అమ్మాయివి. ఆడిటరు దగ్గర పనిచేస్తుంది, అంచేత సెల్‌ఫోనులో కాదు, పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకంలో రాస్తుంది. మీరు పేజీ తిప్పుకోవచ్చు, ఏమీ అనదు. మొదటి పద్దు తేదీ 2023 జూలై 7.

ఆ రోజు శుక్రవారం. ఈ అయిదుగురూ ఇదే హాల్లో, ఇలాగే నేల మీద, అయిదు ల్యాప్‌టాప్‌లు పెట్టుకు కూర్చున్నారు. టూర్ మన దేశానికి రావడం లేదు. ఆగ్నేయాసియా మొత్తానికి సింగపూర్ ఒక్కటే మజిలీ, అక్కడి నేషనల్ స్టేడియంలో మార్చి 2, 3, 4, 7, 8, 9 తేదీల్లో ఆరు కచేరీలు. టికెట్ల కోసం ముందుగా పేర్లు నమోదు చేసుకున్నవాళ్లు 2 కోట్ల 20 లక్షల పైమాట అన్నారు. సింగపూర్ జనాభాయే 60 లక్షలు! నమోదైనవాళ్లలో కొందరికే కొనుక్కునే కోడ్ పంపారు. మా అయిదుగురిలో కోడ్ వచ్చింది ఇద్దరికి, గుంటూరుకీ కర్నూలుకీ. తక్కిన ముగ్గురూ ల్యాప్‌టాప్‌లు ఎందుకు తెరిచారంటే, దీపం పక్కన కూర్చున్నట్టు, అంతే.

అక్కడ మిట్టమధ్యాహ్నం పన్నెండు, మనకు తొమ్మిదిన్నర. తెర మీద ఒక సన్నటి గీత, దాని మీద నడిచే బొమ్మ. నేను ఉప్మా పెట్టాను, చల్లారింది. మళ్లీ వేడిచేసి పెట్టాను, మళ్లీ చల్లారింది. మధ్యాహ్నం కర్నూలు అమ్మాయి వంతు వచ్చింది. మార్చి 8న సీట్లున్నాయి. ఒకరికి నాలుగే ఇస్తారు. దొరికింది 348 డాలర్ల రకం. సింగపూర్ డాలరు అప్పుడు 61 రూపాయలు, నాలుగింటికీ 84,912. కార్డు నంబరు కొట్టింది. చెల్లదంది. ఇంకోసారి కొట్టింది. చెల్లదంది. తెర మీద నిమిషాలు కరుగుతున్నాయి. అప్పుడు గుంటూరు అమ్మాయి ఒక్క అరుపు అరిచింది: “విదేశీ లావాదేవీలు ఆన్ చేశావా?” రిజర్వు బ్యాంకు 2020లో పెట్టిన నియమం అది. కొత్త కార్డు ఇచ్చేటప్పుడే విదేశాల్లో వాడకం ఆపేసి ఇస్తారు, మనమే తెరుచుకోవాలి. బ్యాంకు ఆప్‌లోకి వెళ్లి ఆ మీట తిప్పి తిరిగి వచ్చేసరికి గడువులో ఇంకా కొద్దిగా మిగిలింది. ఓటీపీ వచ్చింది. కర్నూలు అమ్మాయికి చేతులు వణికి, ఆ ఆరంకెలూ రాజమండ్రి అమ్మాయి కొట్టింది.

గుంటూరు వంతు వచ్చేసరికి ఒక్క సీటు మిగల్లేదు.

అలా అయిదుగురికి నాలుగు టికెట్లయ్యాయి. కార్డువాళ్లు వేసిన విదేశీ మారకం రుసుముతో కలిపి 88 వేల దగ్గర తేలింది. గుంటూరు అమ్మాయి పుస్తకంలో ఏం రాసిందో చూడండి: ‘తలా 17,600’. నాలుగు భాగాలు కాదు, అయిదు. టికెట్ ఎవరికి లేదో ఇప్పుడు తేల్చొద్దు, ఆ డబ్బు మాత్రం అందరిదీ అని ఆ పూటే అనుకున్నారు. అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర చూపించని పెద్దమనిషితనం ఇది. నాకు అప్పుడే ముచ్చటేసింది, అప్పుడే అనుమానమూ వేసింది. ఎనిమిది నెలలు నిలబడుతుందా ఈ మాట?

నిలబడింది. మధ్యలో వరంగల్ అమ్మాయికి ఎవడో అయిదో టికెట్ అమ్ముతానని ఫొటో పంపాడు, డబ్బు ముందే కొట్టమన్నాడు. టికెట్ మీద సీటు నంబరున్న చోట వేలు అడ్డం పెట్టి తీసిన ఫొటో. ఆ వేలే వాణ్ని పట్టిచ్చింది. ఆ రోజు నుంచీ చేతులు మారే టికెట్ల జోలికి వెళ్లకూడదని ఒట్టు.

మిగతా పద్దులు త్వరగా తిప్పేయండి. లిటిల్ ఇండియాలో హాస్టల్లో అయిదు మంచాలు, జూలైలోనే పట్టేశారు. ఇప్పుడు ఆ మంచం ధర చూస్తే పడుకోబుద్ధి కాదు. వీసా రుసుము మనిషికి 30 డాలర్లు, అనుమతి ఉన్న ఏజెంటు ద్వారా. రాజమండ్రి అమ్మాయికి మొదటి పాస్‌పోర్టు. పోలీసు విచారణకు వచ్చిన కానిస్టేబులుకు వాళ్ల నాన్న “చదువుకు” అన్నాడు, “కాదండీ, పాటలకు” అని ఆ పిల్ల సరిదిద్దిందట. సింగపూర్‌లో దిగే ముందు మూడు రోజుల్లోగా నింపాల్సిన అరైవల్ కార్డు ఒకటి మిగిలింది, దానికి పైసా అక్కర్లేదు.

రైలు దారి అయిదుగురికీ కంఠతా వచ్చు, అడిగి చూడండి. లిటిల్ ఇండియాలో ఎక్కితే రోచోర్, బుగిస్, ప్రొమనాడ్. అక్కడ లైను మారితే నికోల్ హైవే, ఆ తర్వాత స్టేడియం. ఎక్కాల పుస్తకం అప్పజెప్పినట్టు చెబుతారు.

ఈ హడావుడి చూసి మావారు పేపరు మడిచి నవ్వుతున్నారు, విన్నారా? తొమ్మిది రోజుల కిందట థాయ్‌లాండ్ ప్రధాని స్రెత్తా థవిసిన్ ఒక సభలో అన్నాడు, ఈ ప్రాంతంలో ఇంకెక్కడా పాడకూడదన్న షరతు మీద సింగపూర్ ఒక్కో కచేరీకి 20 నుంచి 30 లక్షల అమెరికా డాలర్లు ఇచ్చిందని. సాయం చేసిన మాట నిజమేనంది సింగపూర్, ఎంతో మాత్రం చెప్పలేదు. “అంటే మన పిల్లల్ని వాళ్లు ముందే కొనేశారు” అంటారు ఈయన. ఆయన సణుగుడును నేను పట్టించుకోను. 1971లో ఘంటసాల అమెరికా వెళ్లి మనవాళ్లకు పాడి వచ్చారని మా నాన్న గొప్పగా చెప్పేవాడు. అప్పుడు పాటగాడు సముద్రం దాటాడు, ఇప్పుడు వినేవాళ్లు దాటుతున్నారు. ఖర్చు మాత్రం అప్పుడూ ఇప్పుడూ వినేవాళ్లదే.

మా అమ్మ అభ్యంతరం వేరు. మార్చి 8 మహాశివరాత్రి. “పండగపూట పరాయి దేశంలో గంతులేమిటే?” అంది. “మూడు గంటలకు పైగా నిలబడి పాటలు అమ్మమ్మా, జాగారమే కదా” అంది మా అమ్మాయి. ఉపవాసం మాటేమిటంటే, స్టేడియంలో తిండి ధరలు చూశాక అదీ జరిగిపోతుందంది. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉందని తెలిశాక మా అమ్మ మెత్తబడింది. శివరాత్రికి పెరుమాళ్ళేమిటని నేను అడగలేదు.

టైము చూశారా? నాలుగున్నర కావస్తోంది. పూసలు కింద పెట్టేశారు. ప్రతి రాత్రీ టేలర్ జాబితాలో లేని రెండు పాటలు పాడుతుంది, ఒకటి గిటారు మీద, ఒకటి పియానో మీద. ఏవి పాడుతుందో ఆ క్షణం దాకా ఎవరికీ తెలియదు. సిడ్నీలో ఆ రెండూ అయ్యాక ఇక్కడ చీటీలు తియ్యాలని పొద్దునే అనుకున్నారు. సొంతపేరు చీటీలో వద్దని తక్కినవాళ్లు కర్నూలు అమ్మాయిని బతిమాలారు, కార్డు ఆమెదని. ఆమె ఒప్పుకోలేదు.

పాటలు అయిపోయాయి. అయిదు చీటీలు, స్టీలు గ్లాసు. వచ్చిన పేరుగల మనిషి బయట ఉండాలి. తీసేది మా అమ్మ. కళ్లజోడు లేకుండా చదవలేదు, అందుకని చీటీ విప్పి నా చేతికిచ్చింది. మీరు నా పక్కనే ఉన్నారు కాబట్టి మీకూ కనపడింది.

మా అమ్మాయి పేరు.

దాచడమెందుకు, ఒక్క క్షణం వేరే పేరు చదువుదామనిపించింది. మా ఇల్లు, మా గ్లాసు, మా అమ్మ చెయ్యి, నేను పెట్టిన ఉప్మాలు. కానీ చీటీలు రాసింది గుంటూరు అమ్మాయి, మిగతా నాలుగూ విప్పి టిక్కు పెట్టుకోకుండా వదలదు. చదివేశాను.

ఎవరూ మాట్లాడలేదు. ఫోనులో సిడ్నీ జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. రాజమండ్రి అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని “అక్కా, నాది నువ్వు తీసుకో” అంది. మా అమ్మాయి గిన్నెలో ఎక్స్ పూసలు కాసేపు అటూ ఇటూ కెలికింది. తర్వాత అంది: “మొన్న మెల్‌బోర్న్‌లో టికెట్ లేనివాళ్లు వేలమంది స్టేడియం బయట చేరి పాడారు. నాకు అక్కడే ఎక్కువ బ్రేస్‌లెట్లు దొరుకుతాయి. నా ఇరవైకి ఇంకో ఇరవై కలపండి.” గొంతు ఒకచోట తడబడింది. మీరు గమనించినా గమనించనట్టే ఉండండి.

వరంగల్ అమ్మాయి దారం కత్తిరించడం మొదలెట్టింది. గుంటూరు అమ్మాయి ఎర్ర పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, గీత కొట్టి, రాస్తోంది: బయట కూర్చునే మనిషికి మడతచాప 1, గొడుగు 1, పవర్ బ్యాంక్ 1. ఖర్చు అయిదు భాగాలు.