శిశువుల తొలి ధర్మవైద్యశాల

18వ శతాబ్దిలో లండను నగరమునందు ఆసుపత్రులు లేకపోలేదు. కాని వానిలో పసిబిడ్డలకు చోటు అరుదు. ఈ లోపమును గుర్తించి జార్జి ఆర్మ్‌స్ట్రాంగ్ అను వైద్యుడు 1769లో పేదశిశువులకై ఉచిత వైద్యశాలను తెరచెను. దాతల చందాలే దానికి ఆధారము. అచ్చట పడకలు లేవు. తల్లులు బిడ్డలను తెచ్చి చూపించి, మందు తీసికొని ఇంటికేగుచుండిరి. జబ్బుపడిన శిశువును తల్లినుండి వేరుచేసినచో బెంగతోనే క్రుంగిపోవునని ఆయన వాదము. పండ్రెండేండ్లలో సుమారు 35,000 మంది బిడ్డలకు అచ్చట చికిత్స జరిగెను. చందాలు చాలక 1781లో అది మూతపడెను.

1852లో గ్రేట్ ఆర్మండ్ వీధియందు పది పడకలతో శిశువైద్యశాల వెలసెను. పడకలు వచ్చినవి గాని, తల్లి దూరమయ్యెను. ఆసుపత్రిలోని బిడ్డను తలిదండ్రులు ఎప్పుడైనను చూడవచ్చునని బ్రిటనులో ప్లాట్ నివేదిక సిఫారసు చేయుటకు 1959 వరకు వేచియుండవలసివచ్చెను.